అవనిగడ్డలో మూడో దీపం

2003 జూన్ రెండో వారంలో నన్ను బందరుకు బదిలీ చేశారు. హోదా సబ్ డివిజనల్ ఇంజనీర్. అంటే చేతికింద జూనియర్ ఇంజనీర్లు, టెక్నీషియన్లు. నెత్తిమీద డివిజనల్ ఇంజనీర్, అంటే డి.ఈ. మద్దెల లాంటి ఉద్యోగం. రెండు వైపులా వాయిస్తారు. మాది డేటా లైన్లు నడిపే సంస్థ. బ్యాంకులు, మండల కార్యాలయాలు, కొద్దిపాటి ఇంటర్నెట్ సెంటర్లు మా ఖాతాదారులు. బందరు, గుడివాడ, అవనిగడ్డ స్టేషన్లలోని రౌటర్లు నా బాధ్యత. రౌటర్ అంటే తెలియనివారికి ఒక మాట: పామర్రు సెంటర్లో నిలబడి గుడివాడ వెళ్లేవాళ్లను ఇటు, బందరు వెళ్లేవాళ్లను అటు పంపే మనిషిని ఊహించుకోండి. సమాచారానికి ఆ పని చేసే పెట్టె రౌటర్.

నేను చేరేనాటికే మా డివిజన్‌లో ఒక అనుమానం కాపురం పెట్టి ఉంది. అవనిగడ్డ లైను అప్పుడప్పుడూ పడిపోయేది, కాసేపటికి తనంతట తనే లేచేది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "మేం ముట్టుకోలేదండీ." ముట్టుకున్నారో లేదో తేల్చే దారి లేదు. మూడు స్టేషన్లకూ కలిపి ఒకే యూజర్ నేమ్, ఒకే పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ ఏమిటంటే మా ఊరి పేరే. స్టేషన్ బయట రిక్షా అతన్ని అడిగినా చెప్పగలిగేవాడు.

డివిజనల్ ఇంజనీరు రంగనాథం గారు మంచి పనిమంతుడు, కానీ మనుషుల్ని నమ్మే అలవాటు లేదు. చేరిన మర్నాడే నన్ను పిలిచి, "మూర్తి గారూ, అవనిగడ్డలో ఎవడో కావాలని ఆపుతున్నాడు. ఎవడు, ఎప్పుడు, ఏ మీట నొక్కాడో నాకు బందరులో కాగితం మీద కనపడాలి" అన్నారు. ఆయన ఎవడు అన్నారు గానీ, మనసులో ఒక పేరు ఉందని గొంతు చెబుతూనే ఉంది.

అందుకోసం మూడు కన్సోల్ సర్వర్లు తెప్పించాం. రౌటర్‌కు రెండు తలుపులుంటాయి. సమాచారం రాకపోకలు సాగించే తలుపు వీధి తలుపు. మరమ్మతు చేసేవాడు నేరుగా లోపలికి వెళ్లేది కన్సోల్ పోర్టు. అది పెరటి తలుపు. వీధి తలుపు బిగుసుకుపోయినా పెరటి తలుపు తెరుచుకుంటుంది, కాకపోతే దానికి మనిషి స్వయంగా ఊరు వెళ్లాలి. కన్సోల్ సర్వర్ అనేది ఒక స్టేషన్‌లోని పెరటి తలుపులన్నిటినీ ఒకచోట చేర్చిన పెట్టె. దానికి వేరే టెలిఫోన్ లైను ఉంటుంది. అసలు లైను చచ్చిపోయినా, బందరులో కూర్చుని ఆ టెలిఫోన్ లైను మీద అవనిగడ్డ రౌటర్ పెరట్లో అడుగుపెట్టవచ్చు. చల్లపల్లి మీదుగా బస్సులో నిలబడి వెళ్లే బాధ తప్పుతుంది. ఆ పెట్టె ముందు భాగాన పోర్టుకొకటి చొప్పున చిన్న ఆకుపచ్చ దీపాలు ఉంటాయి. ఎవరైనా ఒక పోర్టుకు వచ్చి చేరితే ఆ దీపం వెలుగుతుంది. వాటిని నేను అలంకారం అనుకున్నాను.

అసలు పని పెట్టెలు బిగించడం కాదు, పేర్లు పంచడం. ప్రతి మనిషికీ సొంత యూజర్ నేమ్, సొంత పాస్‌వర్డ్. ఈ పేర్లన్నీ బందరులో ఒక సర్వర్‌లో ఉంటాయి. ఏ ఊళ్లో ఎవరు తలుపు తట్టినా రౌటర్ ఆ సర్వర్‌ను అడిగాకే లోపలికి రానిస్తుంది. పక్కనే లాగ్ సర్వర్ అని మరొకటి. కన్సోల్ సర్వర్లు మూడూ, ఏ పోర్టుకు ఎవరు వచ్చారు, ఆ పోర్టు తెర మీద ఏ అక్షరాలు పడ్డాయి అనేది గడియారం చూసి మరీ దానికి పంపుతాయి. అందుకని ముందు మూడు ఊళ్ల గడియారాలూ కలిపాం. గుడివాడ పెట్టె బందరు కంటే పదకొండు నిమిషాలు ముందుండేది. గుడివాడ వాళ్లు మనకంటే ఎప్పుడూ ముందే అని రంగనాథం గారు నవ్వారు. ఆయన నవ్విన సందర్భాలు తక్కువ కనుక రాస్తున్నాను.

ఈ లాగ్ సర్వర్ వార్త మా కంటే ముందే స్టేషన్లకు చేరింది. "బందరులో సర్వర్ పెట్టారట, మన కూపీ లాగ్ చెయ్యడానికి" అని ఒక లైన్‌మన్ అన్నాడట. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, వారం తర్వాత డివిజన్ మీటింగ్‌లో నా సొంత చమత్కారంలా వాడేశాను. ఎవరూ నవ్వలేదు. నవ్వు కూడా ఎక్కడో రికార్డు అవుతుందని భయపడ్డారేమో.

గుడివాడలో జూనియర్ ఇంజనీర్ విజయలక్ష్మి గారు. చకచకా పనిచేసే మనిషి. పాస్‌వర్డ్ కవరుకు సంతకం పెడుతూ, "నా పేరు మీద జరిగేవన్నీ నావేనా అండీ? ఓటరు కార్డు మీద ఫొటో మాత్రం ఇంకొకరిది వచ్చింది నాకు" అన్నారు. పేరుకూ మనిషికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆవిడ ఆ రోజే చెప్పేశారు. నేను జోకు అనుకున్నాను.

అవనిగడ్డలో సీనియర్ టెక్నీషియన్ దేవసహాయం గారు. నాగాయలంక దగ్గర పల్లెటూరు ఆయనది. వాళ్ల నాన్న ఊళ్లో చర్చి గంట కొట్టే మనిషి. 1977 ఉప్పెన తర్వాత దివిసీమలో స్తంభాలు మళ్లీ పాతినవాళ్లలో దేవసహాయం గారు ఒకరు. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉంది. శాఖాపరమైన పరీక్ష మూడోసారికి పాసయ్యారు. జూనియర్ ఇంజనీరుగా ప్రమోషన్ ఆర్డరు ఎప్పుడైనా రావచ్చు. ఆయన బల్ల మీద నీలం అట్ట వేసిన పొడుగు రిజిస్టరు ఒకటి, స్కేలుతో గీతలు గీసి, ఎప్పుడూ తెరిచే ఉండేది. స్టేషన్‌లో జరిగిన ప్రతిదీ అందులో టైముతో సహా రాసేవారు. రంగనాథం గారి గొంతులో దాగిన పేరు ఇదేనని నాకు త్వరలోనే అర్థమైంది. ఎప్పుడో ఏదో ఫైలు విషయంలో ఈయన ఆయనకు ఎదురు రాశారు. మా సంస్థలో అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

కవరు అందుకుని ఆయన వెంటనే సంతకం పెట్టలేదు.

"పెడతానండీ. ఒక్క మాట. ఈ పెట్టె మమ్మల్ని చూస్తుంది. మరి దీన్ని ఎవరు చూస్తారండీ?"

"నేనే" అన్నాను, కాస్త గర్వంగానే.

"సరేనండీ" అని సంతకం పెట్టారు. తర్వాత రిజిస్టరులో ఏదో రాసుకున్నారు. ఏమిటని నేను అడగలేదు.

మొదట్లో ఒక నియమం పెట్టాను. పది నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే రౌటర్ తలుపు దానంతటదే మూసుకుపోతుంది. నెల తిరక్కుండా అవనిగడ్డ నుంచి అర్జీ వచ్చింది. లైను పరీక్షించడానికి పక్క గదికి వెళ్లి వచ్చేసరికి తలుపు పడిపోతోంది, మళ్లీ తెరవాలంటే పాస్‌వర్డ్ కొట్టి నిమిషన్నర ఎదురుచూడాల్సి వస్తోంది, కనుక గడువు తీసేయవలసిందిగా ప్రార్థన. కింద దేవసహాయం గారి సంతకం. ఉదారంగా తీసేశాను. ఉదారత నాకు ఎప్పుడూ తప్పుడు చోట్లే కలుగుతుంది.

ఇంకో రెండు పనులు కూడా అప్పుడే చేశాను. మూడు స్టేషన్లలోనూ అన్నీ ఒకే వరసలో ఉండాలని, మొదటి పోర్టుకు మొదటి రౌటర్, మూడో పోర్టుకు మూడో రౌటర్ తగిలించి, వాటి పేర్లు కూడా ఆర్ వన్, ఆర్ టూ, ఆర్ త్రీ అని అన్ని ఊళ్లలోనూ అవే పెట్టాను. కొత్తవాడికి నేర్పడం తేలిక అని నా వాదన. ఇక రెండోది. ప్రతి కన్సోల్ సర్వర్‌లోనూ అత్యవసరానికి అడ్మిన్ అనే ఖాతా ఒకటుంటుంది. దాని పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు. నేను రోజూ చేసే పరీక్షలతో లాగ్ సర్వర్ డిస్కు నిండిపోతోందని, అడ్మిన్ రాకపోకలు మాత్రం (తెర మీది అక్షరాలు కాదు) నమోదు కాకుండా తాత్కాలికంగా తప్పించాను. తాత్కాలికంగా అన్న మాటకు ఆఫీసు భాషలో అర్థం మీకు తెలిసే ఉంటుంది.

ఆ వర్షాకాలమంతా రోజూ పొద్దున్నే కాఫీతో పాటు లాగ్ చదవడం నాకు అలవాటైంది. చదివేకొద్దీ అనుమానం పెరిగేది, తగ్గేది కాదు. ఇతను ఒకే ఆజ్ఞ రెండుసార్లు ఎందుకు కొట్టాడు? ఆవిడ భోజనం వేళ లోపలికి ఎందుకు వెళ్లింది? అంతకు ముందు మనిషి ముఖం చూసి నమ్మేవాణ్ణి. ఇప్పుడు ముఖం గుర్తుకు రాకముందే లాగ్‌లో వరస గుర్తొచ్చేది. అవనిగడ్డ పేజీలైతే మరీ వింతగా ఉండేవి. పొద్దున్న ఏడింటికి దేవసహాయం అన్న పేరుతో రౌటర్ తలుపు తెరుచుకుంటే సాయంత్రం ఆరింటి దాకా అన్ని పనులూ ఆ పేరు మీదే. ఒక మనిషి పదకొండు గంటలు తిండీ తిప్పలూ లేకుండా రౌటర్ లోపల ఏం చేస్తుంటాడు? ఆ మాట రంగనాథం గారి చెవిన వేశాను. ఆయన పెన్ను తీసి నోట్ చేసుకున్నారు. దాన్ని నేను నా పనితనానికి మెప్పు అనుకున్నాను.

ఆ నవంబరులో వాయుగుండం హెచ్చరిక వచ్చింది. దివిసీమ మండల కార్యాలయాలకు జిల్లా నుంచి వచ్చే సందేశాలు మా అవనిగడ్డ లైను మీదే వెళ్లాలి. ఆ రోజు పొద్దున్నుంచీ ముందుజాగ్రత్తల్లో ఉన్నాను. గుడివాడ మూడో రౌటర్‌లో రెండో లైను నాలుగు రోజులుగా పడుతూ లేస్తూ ఉంది. గాలి మొదలైతే అది అందర్నీ ఇబ్బంది పెడుతుందని ఆపేద్దామనుకున్నాను. బందరు నుంచే కన్సోల్ మీద వెళ్లి ఆపి, విజయలక్ష్మి గారికి ఫోన్ చేశాను.

"మూడో దాంట్లో రెండో లైను ఆపానమ్మా. లైటు ఆరిందా?"

"లేదండీ, వెలుగుతూనే ఉంది."

"కాస్త ఆగి చూడండి."

పది నిమిషాలకు ఆవిడే ఫోన్ చేసి "ఆరిందండీ" అన్నారు. అప్పటికి నాకు వేరే కంగారు మొదలైంది. అవనిగడ్డ లైను పోయింది.

నలభై మూడు నిమిషాలు. అవనిగడ్డలో దేవసహాయం గారు బ్యాటరీలు చూసి, మోడెం చూసి, తీగ మార్చి, చివరికి రౌటర్ లోపలికి వెళ్లి, లైను ఆపేసి ఉండడం చూసి తెరిచారు. ఈలోగా సముద్రం మీదికి ఎవరూ వెళ్లకూడదన్న సందేశం బందరులోనే ఆగిపోయింది. హంసలదీవి వైపు నుంచి రెండు పడవలు వెళ్లిపోయాయి. దైవం మేలు చేసి వాయుగుండం దక్షిణానికి తిరిగింది. పడవలు సాయంత్రానికి క్షేమంగా వచ్చాయి. కానీ జిల్లా నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం మర్నాడే వచ్చింది.

రంగనాథం గారు లాగ్ అడిగారు. అచ్చు తీసి బల్ల మీద పెట్టాను. కన్సోల్ సర్వర్‌కు వేరే టెలిఫోన్ లైను ఉంది కనుక, అసలు లైను చచ్చిన ఆ నలభై మూడు నిమిషాల లెక్క కూడా చెక్కుచెదరకుండా చేరింది. పదకొండు నలభై రెండుకు అవనిగడ్డ ఆర్ త్రీలో రెండో లైను ఆపబడింది: దేవసహాయం. పన్నెండు ఇరవై అయిదుకు తెరవబడింది: దేవసహాయం. అవనిగడ్డలో ఆ రెండో లైనే బందరుకు వచ్చే ప్రధాన లైను.

"ఆపినవాడే తీశాడు. ఇంకేం కావాలండీ?" అన్నారు రంగనాథం గారు. ఆయన సొరుగు తెరిచి ఒక కవరు చూపించారు. దేవసహాయం గారి ప్రమోషన్ ఆర్డరు, ముందురోజే వచ్చిందట. ఛార్జిషీటు పెండింగ్‌లో ఉన్నవాడికి ప్రమోషన్ ఇవ్వకూడదు, అది నియమం. విచారణ తేలడానికి ఏడాదైనా పడుతుంది. ఆయనకు మిగిలిన సర్వీసు పద్నాలుగు నెలలు. అది రిటైర్మెంట్ పార్టీ రోజుకు తేలినా తేలినట్టే. ఆయన కవరు మళ్లీ సొరుగులో పెట్టి, "ప్రాథమిక విచారణ మీరే చేయండి, ఛార్జిషీటు డ్రాఫ్టు కూడా మీరే" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు. నా సర్వర్ పనిచేసిందన్న సంబరం కలిగింది.

ప్రాథమిక విచారణకు ఒక పద్ధతి ఉంది. స్టేషన్‌కు వెళ్లాలి, సంబంధిత ఉద్యోగి వాంగ్మూలం రాతపూర్వకంగా తీసుకోవాలి, స్టేషన్ రికార్డులు స్వాధీనం చేసుకుని రశీదు ఇవ్వాలి. డ్రాఫ్టు సంచిలో పెట్టుకునే అవనిగడ్డ బస్సెక్కాను. ఏం తేలుతుందో ముందే తెలిసిన విచారణ అన్నమాట.

దేవసహాయం గారు కుర్చీ తుడిచి వేశారు. టీ తెప్పించారు. నేను తాగలేదు. విచారణాధికారి టీ తాగకూడదని నియమం లేదు గానీ, నా బింకం నాది.

"పదకొండు నలభై రెండుకు మీరు ఎక్కడున్నారు?"

"బ్యాటరీ గదిలో అండీ. గాలి వస్తే కరెంటు పోద్దని నీళ్లు పోస్తన్నాను."

"ఎవరైనా చూశారా?"

"బ్యాటరీలు చూశాయండీ."

"లాగ్‌లో మీ పేరుంది."

"పేరు నాదేనండీ. పొద్దున్న ఏడింటికి తలుపు తీసింది నేనే. సాయంత్రం దాకా మూయలేదు, అదీ నిజమే. లైను ఆపిన చెయ్యి మాత్రం నాది కాదు."

తలుపు ఎందుకు మూయలేదని అడిగాను. పని అయ్యాక ఎవరికి వారు లాగౌట్ కావలెనని నేను పంపిన సర్క్యులర్ గోడ మీదే ఉంది. దాని మీద అందరి సంతకాలూ ఉన్నాయి. ఆయన నా వంక కాస్త జాలిగా చూశారు.

"మాకు మొదట్నుంచీ అంతేనండీ. పాత రోజుల్లో పాస్‌వర్డ్ బందరులోనే ఉండేది. దానికోసం ట్రంకాల్ చేసి గంట కూర్చోవాలి. అందుకని పొద్దున డ్యూటీ వాడు తలుపు తీసి, తర్వాతవాడి కోసం అలాగే ఉంచేవాడు. మూసి వెళ్లిపోతే, ఇంట్లో చుట్టాలుండగా వంటింటికి తాళం వేసి వెళ్లినట్టండీ. మర్యాద కాదు."

అప్పుడు నాకు పదకొండు గంటల మిస్టరీ తెలిసింది. ఆయన తెర ముందు నుంచి లేచి వెళ్లినా, కంప్యూటరే కట్టేసి పోర్టు వదిలేసినా, రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. దాని దృష్టిలో దేవసహాయం గారు లోపలే ఉన్నారు. ఆ తర్వాత ఆ పోర్టుకు ఎవరు వచ్చినా పాస్‌వర్డ్ అడగకుండా, అది ఏ ఊరి రౌటరో చెప్పకుండానే, తెరిచిన వంటింట్లోకి నేరుగా వెళ్లిపోవచ్చు. చేసిన వంటంతా దేవసహాయం గారి పేరు మీద.

అయినా నా అనుమానం పోలేదు. ఆ తర్వాతి మనిషి ఎవరన్నది కన్సోల్ సర్వర్ విడిగా రాస్తుంది కదా. ఆ రోజు ఆ పోర్టుకు ఏడింటికీ, పన్నెండు దాటాకా దేవసహాయం వచ్చినట్టు ఉంది. మధ్యలో ఎవరూ వచ్చినట్టు లేదు. అంటే ఆయనే. వాంగ్మూలం రాసి సంతకం తీసుకున్నాను.

ఇక రికార్డులు. నీలం అట్ట రిజిస్టరు తీసుకుని, నియమం ప్రకారం పేజీ పేజీకీ పొడి సంతకం చేస్తూ వెళ్లాను. కుడిపక్క మార్జిన్‌లో పెన్సిలుతో ఒక వరస ఉంది. జూలై నుంచీ, వారానికి రెండో మూడో. ఆ రోజు పేజీలో కూడా ఉంది:

"11-41. మూడో దీపం. మనవాళ్లెవరూ కాదు."

"ఇదేమిటండీ?" అన్నాను.

"ఆ పెట్టెకి ముందర దీపాలున్నాయి కదండీ. ఎవరన్నా తలుపు దగ్గరికొస్తే వెలుగుద్ది. మా కంప్యూటర్ దగ్గర ఎవరూ లేకుండా వెలిగినప్పుడల్లా రాస్తన్నాను. ఆ రోజు నీళ్ల డబ్బా పట్టుకుని వెళ్తా చూశాను."

"ఎందుకు రాస్తున్నారు?"

"మీరు మమ్మల్ని రాసుకుంటున్నారు కదండీ."

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు.

"మరి ఇందాకటి నుంచీ ఈ మాట చెప్పరేం? మీ మెడకు చుట్టుకుంటోంది కదా!"

"ఆ దీపం ఎవరిదో నాకు తెలియదు కదండీ. గుడివాడ మేడం గారో, డి.ఈ. గారో, మీరో. తెలియకుండా ఒకరి పేరు ఎలా చెప్తాను? తెలియకుండా పేరు రాస్తే ఏమవుద్దో ఇప్పుడు చూస్తన్నాను కదా."

నేను సంచిలోంచి లాగ్ కాగితాలు తీసి, ఆయన పెన్సిలు రాతల పక్కన పెట్టి చూశాను. దీపం వెలిగిన ఏ వేళకూ లాగ్‌లో రాకపోక లేదు. దీపం వెలిగేలా వచ్చి, లాగ్‌లో పడకుండా వెళ్లగలిగిన మనిషి మా డివిజన్ మొత్తంలో ఒక్కడే. ఆ ఏర్పాటు చేసింది అతనే. టీ చల్లారిపోయింది. ఆ చల్లారిన టీ తాగేశాను.

స్టేషన్ ఫోన్ నుంచే గుడివాడకు చేశాను. "ఆ రోజు నేను ఆపానన్న లైను గుర్తుందామ్మా?" అంటే విజయలక్ష్మి గారు వెంటనే అందుకున్నారు. "మీరు ఆపానన్నప్పుడు ఆరలేదండీ. చెప్పాను కదా. పది నిమిషాలకు దానంతటదే పడింది, అది ఎప్పుడూ పడేదే. తర్వాత లోపల చూస్తే ఎవరూ ఆపినట్టే లేదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు ఆపానన్నాక, ఆపలేదని నేను ఎలా అంటానండీ?"

ఇక అనుమానించడానికి ఎవరూ మిగల్లేదు. అడ్మిన్‌గా లోపలికి వెళ్తే తెర మీద మూడు ఊళ్ల జాబితా వస్తుంది. హడావుడిలో గుడివాడకు బదులు దాని కింది వరస, అవనిగడ్డ, ఎంచుకున్నాను. తలుపు మూసి ఉంటే ఊరి పేరు చెప్పి పాస్‌వర్డ్ అడిగేది, నేను నాలుక కరుచుకునేవాణ్ణి. మర్యాద కొద్దీ తెరిచి ఉంచారు. లోపల కనిపించింది ఆర్ త్రీ అనే పేరొక్కటే. ఏ ఊరి ఆర్ త్రీ? అన్ని ఊళ్లకూ ఒకే పేరు పెట్టిన మేధావిని నేనే. బందరు అంటేనే రేవు, పోర్టు. పోర్టు ఊళ్లో కూర్చుని పోర్టు తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రశీదు రాస్తుంటే దేవసహాయం గారు మెల్లిగా అన్నారు. "పేజీ నంబరు కూడా వేయండి సార్. ఆ పెన్సిలు రాత కూడా ఎత్తి రాస్తే మంచిది."

రాశాను. ఫోన్‌లో నా మాటలు ఆయన విన్నారు, నా ముఖమూ చూశారు. అయినా నన్ను నమ్మలేదు. నమ్మడానికి నేను ఇచ్చిన కారణమూ లేదు.

బస్సు చల్లపల్లిలో చాలాసేపు ఆగింది. రిజిస్టరు నా ఒళ్లో ఉంది. దాని మీద ఛార్జిషీటు డ్రాఫ్టు ఉంది. ఆ పెన్సిలు వరస రంగనాథం గారి కంట పడకపోతే కథ అక్కడితో సరి. రబ్బరుతో చెరిగిపోయే సాక్ష్యం. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే మీరు నమ్మకండి. జేబులో రశీదు నకలు ఉందనీ, దాని అసలు అవనిగడ్డలో ఉందనీ కూడా గుర్తొచ్చింది. నా నిజాయితీలో ఆ రశీదు వాటా ఎంతో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

రంగనాథం గారు మొత్తం విన్నారు. తర్వాత, "సాంకేతిక లోపం అని రాసి మూసేద్దాం. మీకూ మంచిది, ఆఫీసుకూ మంచిది" అన్నారు. లోపం కారణం తేలలేదని రాస్తే, లాగ్‌లో ఉన్న పేరు ఏమవుతుందని అడిగాను. అది అలాగే ఉంటుంది, కారణం తేలేదాకా ఆర్డరు ఆగుతుంది అన్నారు. పద్నాలుగు నెలల లెక్క ఇద్దరికీ తెలుసు. నేను బయటికి వచ్చి, జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి, రిజిస్టరు పేజీ నకలు జతచేసి, ఆయన బల్ల మీద పెట్టి, అందినట్టు సంతకం తీసుకున్నాను. రశీదు విద్య అప్పుడే నేర్చుకున్నాను మరి.

నాకు హెచ్చరిక మెమో వచ్చింది. అది నా సర్వీసు పుస్తకంలో చివరి దాకా ఉంది. దేవసహాయం గారి ఆర్డరు మూడు వారాల తర్వాత సొరుగులోంచి బయటికి వచ్చింది. ప్రమోషన్ మీద గుడివాడ వెళ్లారు. వెళ్లే ముందు నాకు ధన్యవాదాలు చెప్పలేదు, నేనూ ఆశించలేదు. రిజిస్టరు వెనక్కి ఇచ్చినప్పుడు పేజీలు లెక్కపెట్టుకుని తీసుకున్నారు.

ఆ నెలలోనే ఏర్పాట్లు మార్చాం. పది నిమిషాల గడువు మళ్లీ వచ్చింది. ఈసారి అర్జీ రాలేదు. రౌటర్ పేర్లలో ఊరి పేరు చేర్చాం. అడ్మిన్ రాకపోకల నమోదు మొదలైంది. అవి నా దగ్గర కాక గుడివాడలో పోగయ్యేవి. వారానికోసారి దేవసహాయం గారు చదివి సంతకం పెట్టేవారు. మొదటి నెలలోనే నేను కొట్టిన ఒక ఆజ్ఞకు కారణం అడుగుతూ ఆయన నుంచి కాగితం వచ్చింది. జవాబు రాశాను. స్టేషన్ రిజిస్టర్లలో దీపాలకు ఒక గడి అచ్చు వేయించాం.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు ఆ ఉదంతం నుంచి చెప్పగలిగింది ఇంతే. లాగ్ ఒక పేరును చూపిస్తుంది; ఆ పేరు వెనక ఉన్న చెయ్యి ఎవరిదో మనమే వెళ్లి కనుక్కోవాలి. మనుషులు తరతరాలుగా చేస్తున్న పద్ధతి ఏమిటో అడగకుండా నియమం పెడితే, సర్క్యులర్ గోడ మీదా పద్ధతి బల్ల మీదా ఉంటాయి. అనుమానంతో మొదలుపెట్టిన నిఘా తను ముందే అనుకున్న పేరునే పట్టుకుంటుంది. కాబట్టి నిఘా పెట్టేవాడి పేరు జాబితాలో మొదటి వరసలో ఉండాలి, ఆ వరస చదివేవాడు అతని చేతికింద లేని మరొకడై ఉండాలి. ఈ చివరి నియమం మాత్రం నేను పాటించలేకపోయాను. దేవసహాయం గారు నా చేతికిందే ఉండేవారు. అయినా ఆయన చదివారు.